రామెన్ గిన్నెకి ఎన్ని మార్కులు?

ఎవరింటికి భోజనానికి వెళ్ళినా మనసులోనే మార్కులు వేసుకోవడం మన ఆడవాళ్ళకి అలవాటు. పోపు మాడిందా, చారు పలచనైందా అని! టోక్యో వెళ్ళినా ఆ బుద్ధి నన్ను వదల్లేదు.

అసాకుసాలో పేరున్న ఓ రామెన్ కొట్టుకి అమ్మాయి తీసుకెళ్ళింది. నలభై నిమిషాలు క్యూలో నిలబడితే గానీ చోటు దొరకలేదు. గిన్నె రాగానే మాంసం ముక్క అమ్మాయి గిన్నెలోకి తోసేసి, కోడి ఎముకల రసం ఓ గుక్క తాగి చూశాను. సోయా సాస్ ఉప్పదనం కాస్త ఎక్కువే.

"పదికి ఆరు," అన్నాను.

"నూడుల్స్ సంగతి చెప్పవేం?" అంది.

నిజమే. లేత పసుపురంగులో, వేడి రసంలో నానినా మెత్తబడకుండా, పంటికి బాగా తగులుతున్నాయి.

"నువ్వు అప్పడాల పిండిలో క్షారం కలుపుతావే, అలాంటిదే ఇందులోనూ వేస్తారు. కాన్సుయి అంటారు. చైనావాళ్ళ కిటుకు."

"జపాన్ వంటకం కదుటే!"

కాదట! 1910లో ఈ అసాకుసాలోనే, కస్టమ్స్ ఉద్యోగం మానేసిన ఒజాకి కన్ఇచి అనే ఆయన యొకొహామా నుంచి చైనా వంటవాళ్ళని రప్పించి 'రైరైకెన్' అనే కొట్టు తెరిచాడు. అప్పట్లో దీన్ని 'షినా సోబా' అనేవారు. అంటే చైనా నూడుల్స్ అన్నమాట.

1945లో యుద్ధంలో ఓడిన జపాన్‌ని బియ్యం కరువు పట్టుకుంది. అమెరికా నుంచి గోధుమపిండి వచ్చింది. అన్నం తినే జనానికి ఆ పిండే నల్లబజారు బళ్ళమీద నూడుల్స్‌గా మారి కడుపు నింపింది. ఒసాకాలో అలాంటి బండి ముందు చలిలో బారులు తీరిన జనాన్ని చూసిన మొమొఫుకు ఆండో, 1958లో వేణ్ణీళ్ళు పోస్తే చాలు తయారయ్యే రామెన్‌ని అమ్మకానికి పెట్టాడు. బడి నుంచి రాగానే మన పిల్లలు అడిగే పాకెట్ నూడుల్స్‌కి అదే మూలం!

వింటూంటే నా చిన్నతనం గుర్తొచ్చింది. 1960లలో మాకూ రేషన్‌లో అమెరికా గోధుమలొచ్చేవి. అమ్మ వాటిని రవ్వ ఆడించి ఉప్మా, జావ చేసి పెడితే, అన్నం లేదని మూతి ముడిచేవాళ్ళం. పాపం, అమ్మకి మేం ఏనాడు మంచి మార్కులేశాం గనక!

పక్కనున్న ముసలాయన గిన్నె రెండు చేతులా ఎత్తి అడుగుదాకా తాగేశాడు. డాక్టరు ఉప్పు తగ్గించమన్న మాట ఆ పూటకి మర్చిపోయి, నేనూ అలాగే తాగేశాను.

మార్కులంటారా? ఇక అడక్కండి.