ట్రాక్: ఒక జాడ, రెండు దారులు

ట్రాక్ అనే మాట ఇంగ్లీషులోకి 15వ శతాబ్దం చివర చేరింది. పాత ఫ్రెంచిలో 'త్రాక్' అంటే గుర్రాలు నడిచిన జాడ. ఫిల్ము అంచున ధ్వనిని ముద్రించిన సన్నని పట్టీకీ, తర్వాత మాగ్నెటిక్ టేపు మీద పక్కపక్కనే సాగే గీతలకూ ఆ పేరే నిలిచింది. ఒక గీత మీద గొంతు, పక్క గీత మీద తబలా. అన్నీ ఒకేసారి కదులుతాయి. మన సినిమావాళ్ల 'ట్రాక్ పాడడం' ఈ అర్థానికే దగ్గర: అసలు గాయకుడు వచ్చేదాకా ఆ దారిలో మరొకరి గొంతు నడుస్తుంది. గ్రామఫోను రికార్డులు మాత్రం మాటను పక్కకు తిప్పేశాయి. సీడీలోనూ అంతే: 99 దాకా ట్రాకులు, ఒకదాని తర్వాత ఒకటి. ట్రాక్ అంటే పాటే అయిపోయింది.

ఈ రెండర్థాలూ ప్రోగ్రాము రాసేవాళ్ల ముందు ఢీకొంటాయి. పైథాన్‌లో మిడో లైబ్రరీతో మిడి ఫైలు తెరిస్తే ట్రాక్ అంటే సందేశాల జాబితా. ఒకటో రకం ఫైల్లో అవన్నీ కలిసి మోగాలి. మ్యూటజెన్ లైబ్రరీతో ఎంపీ3 తెరిస్తే ట్రాక్ అంటే ఆల్బమ్‌లో పాట వరుస సంఖ్య. అదీ '3/12' అన్న రాతగా రావచ్చు. నేరుగా అంకెగా మార్చబోతే ఎర్రరే. సందర్భం చూస్తే తెలిసిపోదా అంటారు. మనిషికి తెలుస్తుంది, కోడ్‌కు తెలియదు. పోనీ 'జాడ' అని తెలుగు చేద్దామా? జాడ వెనక మిగిలేది. ట్రాక్ ఇంకా నింపాల్సిన ఖాళీ కూడా. మాటను అలాగే ఉంచి, వివరణల్లో మాత్రం 'పక్క ట్రాక్', 'వరుస ట్రాక్' అని విడదీసి రాయండి.