రోల్డ్ గోల్డ్ కమ్మలు పెడితే చెవులు దురద పెడుతున్నాయా? అసలు కారణం నికెల్ కావచ్చు!

వేంపల్లె, పులివెందుల వైపు బంగారం కొనాలంటే ప్రొద్దుటూరు వెళ్లాల్సిందే. కానీ ఇప్పుడున్న రేట్లకు రోజూ పెట్టుకోడానికి రోల్డ్ గోల్డ్, గిల్టు నగలతోనే చాలామంది సరిపెట్టుకుంటున్నారు. కొందరికి అవి పడవు. చెవి తమ్మె ఎర్రబడి, దురద పెట్టి, నీరు కారుతుంది. వేడి చేసిందిలే అని వదిలేస్తారు. చాలాసార్లు అసలు కారణం పూత కింద ఉన్న నికెల్.

చెమట తగిలితే నగలోంచి నికెల్ అయాన్లు కొద్దికొద్దిగా కరిగి చర్మంలోకి దిగుతాయి. అక్కడ ప్రొటీన్లకు అతుక్కుంటాయి. అలా మారిన ప్రొటీన్‌ను చర్మంలోని కాపలా కణాలు పరాయిదనుకుని లింఫ్ గ్రంథులకు మోసుకెళ్తాయి. అక్కడి టి-కణాలు దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. ఇదంతా జరిగేటప్పుడు బయటికి ఏమీ కనిపించదు. మళ్లీ నికెల్ తగిలినప్పుడే ఆ టి-కణాలు దాడికి దిగుతాయి. అదీ వెంటనే కాదు, ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అందుకే శనివారం పెళ్లికి వేసుకున్న హారం సంగతి మర్చిపోయి, ఆదివారం తిన్న వంకాయ కూరను తిడుతుంటారు.

మరో విచిత్రం. బ్యాక్టీరియాను పసిగట్టే టీఎల్ఆర్-4 అనే గ్రాహకాన్ని నికెల్ నేరుగా తట్టి లేపుతుందని 2010లో జర్మనీ శాస్త్రవేత్తలు ‘నేచర్ ఇమ్యునాలజీ’ జర్నల్‌లో వెల్లడించారు. చిట్టెలుకల్లో ఆ గ్రాహకం నిర్మాణం కాస్త వేరు. అందుకే వాటికి నికెల్ అలర్జీ అంత తేలిగ్గా రాదు.

ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. అందుకే పిల్లలకు చెవులు కుట్టించేటప్పుడు గిల్టు కమ్మలు వద్దు. 22 క్యారెట్ల నగలో 91.6 శాతం బంగారమే, మిగతాది ఎక్కువగా రాగి, వెండి. యూరప్‌లో అయితే కుట్టిన చెవికి పెట్టే కమ్మ నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.2 మైక్రోగ్రాములకు మించి నికెల్ విడుదల కాకూడదని రూలే ఉంది.

కమ్మలైతే తీసి పక్కన పెట్టొచ్చు. సిమెంటు పని చేసే మేస్త్రీల పరిస్థితి అది కాదు. తడి సిమెంటులోని క్రోమియం కూడా ఇలాగే అలర్జీ తెస్తుంది, చేతులు పగిలి పనే మానుకోవాల్సి రావచ్చు. సిమెంటు ఫ్యాక్టరీలున్న యర్రగుంట్ల ప్రాంతంలో ఇది తెలుసుకోవాల్సిన విషయం. రబ్బరు గ్లౌజులు వేసుకోవాలి, పని కాగానే చేతులు కడుక్కోవాలి.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ ట్యూబులతో దురద తగ్గుతుంది గానీ అలర్జీ పోదు. పైగా ఎక్కువ రోజులు రాస్తే చర్మం పల్చబడుతుంది. చర్మ డాక్టర్ దగ్గర ప్యాచ్ టెస్టు చేయించుకోవడం మేలు. అనుమానం ఉన్న లోహాల మందును వీపు మీద 48 గంటలు అంటించి ఉంచి, తీసాక ఒకట్రెండుసార్లు చూస్తారు. జీన్స్ బొత్తాం, బెల్టు బకిల్ తగిలే చోట బొడ్డు కింద మచ్చలుంటే అదీ డాక్టర్‌కు చెప్పాలి.