బీజ మెరుగని నింద

నెల్లూరి సీమలో వరి పండించు రైతు విత్తనములను మడికి చేర్చుటకు ముందు నీటిలో పోసి చూచును. తేలిన తాలును తీసివేసి, మునిగిన గట్టి గింజలను మాత్రమే నారు పోయును. మొలక రానిచో నేలను తిట్టుటకు ముందు విత్తనమును పరీక్షింపవలెనని వానికి తాతల నాటినుండి తెలియును. ఇంతటి వివేకి తన యింట సంతానము లేనప్పుడు విత్తనము మాటయే తలపెట్టడు. దోషము క్షేత్రమునందే యున్నదని నిశ్చయించుకొనును. ఈ నిశ్చయము ఎంత పాతదో, దానిని శాస్త్రమెట్లు త్రోసివేసినదో చదువరులకు మనవి చేయగోరెదము.

స్త్రీని క్షేత్రమనియు పురుషుని బీజమనియు చెప్పుట మన స్మృతులయందున్నది. సంతానము లేని భార్య యుండగా ఎనిమిదవ యేట మరియొకతెను పెండ్లాడవచ్చునని మనుస్మృతి అనుజ్ఞ యిచ్చినది. మద్రాసు రాష్ట్రము 1949లో హిందువుల బహుభార్యాత్వమును నిషేధించువరకు నెల్లూరి సీమలో ఈ అనుజ్ఞకు అడ్డు లేకుండెను. అయితే మన పూర్వులందరును ఇట్లే తలచిరనుట న్యాయము కాదు. చరక సుశ్రుతులు శుక్రదోషములను ఎనిమిదింటిని లెక్కించి చికిత్సలు చెప్పిరి. వైద్యుడెరిగినది గృహము ఎరుగకపోయెను. గొడ్రాలు అను మాట నేటికిని వీథివీథిని వినబడును. పురుషునకు దానికి జతయగు మాట వాడుకలో వినరాదు.

మేము మైపాడు దరినున్న యొక పల్లెలో బడి చెప్పుచున్న కాలమున పొరుగింటి యిల్లాలికి పెండ్లియై తొమ్మిదేండ్లయినను బిడ్డలు లేకుండిరి. శ్రీమంతమునకు ఆమెకు పిలుపు రాదు. మొహరము నాళ్లలో నెల్లూరి బారాషహీద్ దర్గాకు పోయి, స్వర్ణాల చెరువులో నిలిచి సంతాన రొట్టె పట్టెను. ఆ నీటిలో హిందువులు ముస్లిములు కలిసి నిలుచుటను మేము గౌరవింతుము. ఆమె యొంటరిగా నిలుచుటయే మాకు బాధ. భర్తను పరీక్షకు పొమ్మన్న, ‘నేను మగవాడను, నాకేమి లోపము?’ అనెను. తుదకు పరీక్ష జరుగగా శుక్రకణముల సంఖ్య చాలినంతయే కాని వానిలో కదలిక మిక్కిలి తక్కువయని తేలినది. తొమ్మిదేండ్ల నింద ఒక్క కాగితముతో తొలగెను. ఆమెకు క్షమాపణ చెప్పినవారు మాత్రము ఒక్కరును లేరు.

ఈ కదలిక యనగా నేమి? 1677లో హాలెండు దేశీయుడగు లేవెన్‌హుక్ తన భూతద్దములో శుక్రకణములు ఈదుటను చూచెను. నరుని శుక్రకణపు పొడవు మిల్లీమీటరులో సుమారు 20వ వంతు; అందును అధిక భాగము తోకయే. ఆ తోకకు బలమెచ్చటిదని రెండు శతాబ్దములకు పైగా ఎవ్వరును సరిగా చెప్పలేకపోయిరి. 1898లో జర్మను పండితుడు కార్ల్ బెండా శుక్రకణములు రూపొందు విధమును పరిశీలించుచు, కణములలోని కొన్ని సూక్ష్మభాగములకు మైటోకాండ్రియా యని పేరిడెను. దారము, గింజ యను అర్థములుగల రెండు గ్రీకు పదముల కూర్పది. నరుని శుక్రకణమున ఇవి డెబ్బదికి అటునిటుగా, తలకు తోకకు నడుమ త్రాడు చుట్టినట్లు చుట్టుకొని యుండును.

ఇవి చేయు పనిని తెలిసికొనుటలో ఆంధ్రునకును భాగము గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1929లో హార్వర్డు వైద్య విద్యాలయమున ఫిస్కేతో కలిసి ఏ.టి.పి. యను పదార్థమును కనుగొనెను. అదే యేట జర్మనీలో లోమన్ వేరుగా దానిని కనుగొనెను. జీవకణములకు అది చెల్లుబడియగు నాణెము వంటిది. ఆ నాణెమును ముద్రించు ప్రధానమైన టంకశాల మైటోకాండ్రియా యని తరువాతి పరిశోధనలవలన తేలినది.

శుక్రకణపు శక్తి యంతయు అచ్చటనే పుట్టుననుట పొరబాటు. తోకలోనే చక్కెరను విరిచి శక్తిని పుట్టించు ఎంజైములు గలవు. అట్టి యొక దానిని తొలగించిన మగ యెలుకలకు సంతానము కలుగలేదని 2004లో తెలిసినది. అయినను మైటోకాండ్రియా చెడినయెడల ఆక్సిజను నుండి పుట్టు తీక్ష్ణ పదార్థములు హెచ్చి, కణపు పొరకును లోని డి.ఎన్.ఏ.కును హాని చేయును. పొగాకు, అతిమద్యము శుక్రకణములను చెరుచును. 1992 ప్రాంతమున మన జిల్లాలోని దూబగుంట స్త్రీలు సారాపై లేచిరి. 1993లో ఆంధ్రప్రదేశమున సారా నిషిద్ధమయ్యెను. వారు కూలి డబ్బు నిలుపుకొనుటకై పోరాడిరి. తామెరుగకయే రాబోవు బిడ్డల కొరకును పోరాడిరి.

మైటోకాండ్రియాకు తమదగు డి.ఎన్.ఏ. గలదు. దానిలోని మార్పులు శుక్రకణముల మందగతికి కారణము కావచ్చునని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. సంస్థకు చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్ ప్రభృతులు 2003లో ప్రకటించిరి. అండములో ప్రవేశించిన తండ్రి మైటోకాండ్రియా సాధారణముగా నశించును. బిడ్డకు నిలుచునవి తల్లివే. కావున కొడుకులోని యీ లోపము కొన్నియెడల తల్లినుండి వచ్చినదై యుండవచ్చును. ఈ మాట విని, కోడలిని విడిచి అత్తను నిందింప బూనుకొనువారు గలరేమో! ప్రకృతి కార్యమున కారణము గలదు గాని నేరము లేదు.

సంతానలేమిలో సుమారు సగము సందర్భములందు పురుషునిలోని లోపము తానొక్కటియే కాని, స్త్రీలోని లోపముతో కూడి కాని కారణమగుచున్నది. పురుషుని తొలి పరీక్షకు కోత లేదు, నొప్పి లేదు, అభిమానమొక్కటియే అడ్డు. లోపము తేలినను నిరాశ పడనక్కరలేదు. కొన్ని లోపములకు చికిత్స గలదు. 1992 నుండి ఒక్క శుక్రకణమును సూదితో అండములోనికి పంపి సంతానము కలిగించు పద్ధతియు నున్నది.

చదువరులారా, సంవత్సరము గడచినను సంతానము కలుగని యింట దంపతులిరువురును కలిసి వైద్యుని యొద్దకు పోవలెను. విత్తనమును నీటిలో పోసి చూచుటకు మన రైతు ఏనాడును సిగ్గుపడలేదు. పొలమునకు చేసిన పాటి న్యాయము ఇల్లాలికిని చేయుద మని మా ప్రార్థన.