సెన్సర్ డ్రైవర్ సమస్యలు (పాత కంప్యూటర్లు)

మదర్‌బోర్డుపై ఉష్ణోగ్రత, వోల్టేజీ, ఫ్యాను వేగం కొలిచే చిప్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ గుర్తించకపోవడం లేదా దాని విలువలను తప్పుగా చదవడం వల్ల తలెత్తే ఇబ్బందులను సెన్సర్ డ్రైవర్ సమస్యలు అంటారు. 1995లో ఇంటెల్ నిర్వచించిన, బోర్డుపై చిప్‌లను కలిపే ఎస్‌ఎంబస్ మార్గం, నేషనల్ సెమీకండక్టర్ తయారుచేసిన ఎల్‌ఎం78 సెన్సర్ చిప్ ఆ తరం బోర్డులకు పునాది. లినక్స్‌లో వీటి డ్రైవర్లు 1998 నుంచి ఎల్‌ఎం-సెన్సర్స్ ప్రాజెక్టుగా పెరిగాయి.

ఎక్కువ తికమక ఫ్యాను దగ్గరే. ఎల్‌ఎం78 లెక్కింపు రిజిస్టరు 8 బిట్లది; ఫ్యాను నెమ్మదించేకొద్దీ లెక్క పెరిగి ఆ పరిమితిని దాటిపోతుంది. లెక్కను తగ్గించే విభాజకం 2గా ఉంటే నిమిషానికి సుమారు 2,650 చుట్ల కన్నా నెమ్మదిగా తిరిగే ఫ్యాను ఆగిపోయినట్టు 0 అని కనిపిస్తుంది. విభాజకాన్ని 8కి పెంచితే సుమారు 660 చుట్ల దాకా చదవవచ్చు. మూడో ఫ్యానుకు ఆ వీలు లేదు. వోల్టేజీ లెక్క చిప్ బయట బోర్డు తయారీదారు అమర్చిన నిరోధకాలపై ఆధారపడుతుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటర్ మార్కెట్లలో వివరపత్రం లేకుండా కొన్న పాత బోర్డుకు ఆ విలువలు కనుక్కోవడమే కష్టం.

2009లో వచ్చిన లినక్స్ 2.6.31 నుంచి, బయాస్ తన ఏసీపీఐ పట్టికలో వాడుకుంటున్న చిరునామాలను డ్రైవర్లు తాకకుండా కెర్నెల్ అడ్డుకుంటోంది. అంతవరకు పనిచేసిన సెన్సర్లు కొన్ని బోర్డుల్లో కనబడకుండా పోవడానికి కారణం ఇదే. ఈ జాగ్రత్త అనవసరం కాదు: కొన్ని ఐబీఎం థింక్‌ప్యాడ్‌లలో చిప్ కోసం ఎస్‌ఎంబస్‌ను గాలించడమే ఈఈప్రామ్ మెమరీని చెడగొట్టి, యంత్రం బూట్ కాకుండా చేసింది.