లష్కర్ పోయినోళ్ళ లెక్క

దళితులు ఊరు విడిచి పట్నం చేరటం గురించి మన చరిత్రకారులు రెండే ముక్కలు రాస్తారు. కరువొచ్చింది, వలస పోయారు. పొట్ట చేతపట్టుకుని పోయేవాళ్ళకు లాభనష్టాలు తూచి చూసుకునే ఆలోచన ఉంటుందని వీళ్ళకు తోచనే తోచదు. ఇటు మనవాళ్ళలో కొందరు, అంబేద్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ఊరిని ఎండగట్టిన సంగతి పట్టుకుని, పట్నం చేరితే చాలు కులం రాలిపోతుందన్నట్టు మాట్లాడుతున్నారు. అదే అంబేద్కర్‌కు 1917లో బరోడా నగరంలో ఉండటానికి చోటు దొరకలేదు. తలదాచుకున్న పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చి మరీ వెళ్ళగొట్టారు. కాబట్టి మేం ఈ రెండు పాటలూ పక్కనపెట్టి, హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో కుదురుకున్న మాల మాదిగలకు ఏం దక్కింది, ఏం పోయింది అన్న లెక్క తీయదలచుకున్నాం.

ముందు ఊరి లెక్క చూడాలి. తెలంగాణ పల్లెలో మాదిగ దొర మోటకు బొక్కెన కుట్టాలి, చెప్పులు కుట్టాలి, చావుకీ పండక్కీ డప్పు కొట్టాలి. మాల, సర్కారు మనుషులొస్తే మూటలు మోయాలి, చీటీ పట్టుకుని పక్క ఊరికి ఉరకాలి. ఇదంతా వెట్టి. దీనికి బదులు కళ్ళం దగ్గర కొన్ని గింజల మేర, కొన్నిచోట్ల చారెడు ఇనాం భూమి. ఊరు విడిచినోడికి వెట్టి పోతుంది, నిజమే. దానితోపాటే ఆ మేరా పోతుంది, ఆ భూమీ పోతుంది. ముసలితనంలో తిరిగొస్తే నిలబడటానికి జాగా ఉండదు. వలస గురించి రాసేవాళ్ళు ఈ నష్టాన్ని లెక్కలోకే తీసుకోరు.

మరి ఎందుకు పోయారు? సికింద్రాబాద్‌ను మన పెద్దలు లష్కర్ అనేవాళ్ళు. 1806లో సికందర్ జా పేరు పెట్టుకున్న ఆ దండు బజారుకు 1874లో రైలొచ్చింది. దండులో బట్లర్లు కావాలి, ఆయాలు కావాలి, గుర్రాలకు సయీసులు కావాలి, పాయిఖానాలు ఎత్తేవాళ్ళు కావాలి. గొడ్డుమాంసం వండే వంటింట్లో, దొరల ఎంగిలి పళ్ళేల దగ్గర అగ్రకులపోడు పని చెయ్యడు. ఏ కారణంతో ఊళ్ళో మన చెయ్యి అంటు అయ్యిందో, అదే కారణంతో ఇంగ్లీషు దొర ఇంట్లో మన చెయ్యి పనికొచ్చింది. పట్నం కులాన్ని మరిచి మనకు ఉద్యోగం ఇవ్వలేదు. కులాన్ని చూసుకునే ఇచ్చింది.

ఐనా తేడా ఉంది, చిన్న తేడా కాదు. జీతం నెలకింత అని రూపాయల్లో, అదీ చాలామందికి కల్దార్ రూపాయల్లో. నిజాం హాలీ సిక్కా 7 రూపాయలు పెడితే కల్దార్ 6 వచ్చేవి. దండు లోపల, చాదర్‌ఘాట్ రెసిడెన్సీ బజార్ల లోపల బ్రిటిష్ వాళ్ళ హుకుం నడిచేది (రెసిడెన్సీ బజార్లు 1933లో గానీ నిజాం చేతికి తిరిగి రాలేదు). అక్కడ పటేల్ పట్వారీ మాట చెల్లదు. వెట్టికి రమ్మని గుమ్మం ముందు కేకేసేవాడు లేడు. పైగా నాలుగు ముక్కల ఇంగ్లీషు. బట్లర్ ఇంగ్లీషు అని పెద్దమనుషులు నవ్వుతారు. వాళ్ళ తాతలు సంస్కృతం వల్లించే రోజుల్లో బడి గుమ్మం తొక్కనివ్వని మనిషి, విని విని నేర్చిన భాష అది. మాకైతే నవ్వు రాదు.

ఈ జీతం మీదే మన సంఘాలు నిలబడ్డాయి. మాదరి భాగయ్య, అంటే భాగ్యరెడ్డి వర్మ (1888–1939), కుర్రతనంలో ఒక క్రైస్తవ బారిస్టరు ఇంట పనికి కుదిరిన మనిషి. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలు చెప్పించారు, 1911లో మాన్య సంఘం పెట్టారు, ఇసామియా బజారులో, లింగంపల్లిలో పిల్లలకు తెలుగు బడులు తెరిచారు. నిజాం సర్కారు చదువు ఉర్దూలో నడిచే రోజులవి. బస్తీ తగాదాలు బస్తీలోనే తీర్చుకోవటానికి పంచాయతీలు నడిపారు. అరిగె రామస్వామి రైల్వేలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేశారు. పి.ఆర్. వెంకటస్వామి 1955లో అచ్చువేసిన ఉద్యమ చరిత్ర తిరగేస్తే ఎక్కువగా ఎదురయ్యేది నగరంలో ఉద్యోగాలు చేసుకునే ఇట్లాంటి మనుషులే. బడిని గానీ, భవనాన్ని గానీ పట్నం దానంగా ఇవ్వలేదు. బస్తీ జనం చందాలేసుకుని కట్టుకున్నారు.

ఇక నష్టం వైపు. గౌరవం అంటే ఏమిటో నిర్ణయించింది నెల జీతగాళ్ళు. తాగుడు మానాలి, జాతరలో బలులు మానాలి, జోగిని ఆచారం పోవాలి. చివరిది ముమ్మాటికీ న్యాయం. ఐతే ఆ జోగిని ఆడమనిషి తర్వాత ఏం తిని బతికిందో ఏ సభ తీర్మానంలోనూ కనిపించదు. వర్మ అన్న బిరుదు 1913లో ఆర్యసమాజం ఇచ్చింది. గౌరవం కోసం హిందూ పేర్ల వైపు చూడాల్సి రావటం కూడా పట్నంలో కట్టిన సుంకమే. బట్లరు కొడుకు గుమాస్తా కావచ్చు, కానీ చీపురు పట్టినామె బిడ్డ చేతికి చీపురే వచ్చింది. ఇవాళ్టికీ తెల్లారకముందే రోడ్లు ఊడ్చే ఆడవాళ్ళు ఎవరో చెప్పాల్సిన పని లేదు. ఆది హిందూ సంఘాల్లో తమకు చోటు సరిగా లేదనే 1930ల మొదట్లో మాదిగలు అరుంధతీయ మహాసభ వేరుగా పెట్టుకున్నారు. అది చీలిక కాదు, పంచుకోని లాభానికి అడిగిన లెక్క. ఈ సంగతి రాయటానికి మనవాళ్ళు ఇప్పటికీ మొహమాటపడుతున్నారు.

1931 జనగణనలో నిజాం రాజ్యం మనవాళ్ళను ఆది హిందువులుగా రాసుకుంది. ఇది ఉద్యమం సాధించిన గెలుపు. ఆ లెక్కలో ఆది హిందువులు 24 లక్షల పైచిలుకు. హైదరాబాద్ నగరమంతా, అన్ని కులాలూ మతాలూ కలిపినా, అయిదు లక్షలు లేదు. అంటే పేరు మార్పించింది నగరంలో ఉన్న కొద్దిమంది. వెట్టి చేస్తూ ఉండిపోయింది మిగతా అందరూ.

లష్కర్ పోయినవాళ్ళు ఒక్కొక్కరుగా, ఇల్లిల్లుగా పోయారు. వాడ మొత్తం ఒక్కసారి ఊరు విడిస్తే ఎట్లా ఉంటుందో కోస్తాలో అర్ధ శతాబ్దం తర్వాత చూశాం. 1985 జులై 17న కారంచేడు మాదిగపల్లె మీద కమ్మ భూస్వాములు దాడి చేసి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్ళు చీరాల పట్నం చేరి శిబిరం వేసుకున్నారు. ఊరికి తిరిగి పోం, ఇక్కడే జాగా ఇవ్వమన్నారు. చివరకు విజయనగర్ కాలనీ ఏర్పడింది. వీళ్ళు తీరికగా తూకం వేసుకుని బయల్దేరినవాళ్ళు కాదు. కానీ శిబిరంలో కూర్చుని తూకం వేశారు. ఊళ్ళో ఏళ్ళ తరబడి పని చేసిన చేలు ఒకవైపు, ప్రాణభయం లేని నిద్ర ఇంకోవైపు. నిద్ర వైపే మొగ్గారు, అందరూ కలిసి. వెంటనే కూలి ఎక్కడ అన్న ప్రశ్న వచ్చింది, అది పట్నం తీర్చిపెట్టే ప్రశ్న కాదు. అందుకే పునరావాసం సర్కారు బాధ్యత అని దళిత మహాసభ పట్టుబట్టింది.

లష్కర్ బస్తీల లెక్క ఇంకా సగమే తేలింది. ఆయాలుగా, సఫాయి పనిలో బతికిన ఆడవాళ్ళ కాగితం ముక్క ఒక్కటీ మాకు చిక్కలేదు. టీచర్లు, విద్యార్థులు తమ ఇళ్ళల్లో పాత జీతం చీటీ, బడి సర్టిఫికెట్, ఫొటో ఏది కనిపించినా పారేయకుండా నకలు తీసి పంపండి.