ఫ్లోరైడ్ మందైన కాలం

దర్శి, పొదిలి, కనిగిరి ప్రకాశం జిల్లా పేర్లుగా తెలుసు గానీ 1970 దాకా నెల్లూరు జిల్లాలోవే. ఆ పల్లెల రైతులకు ఏ ఊళ్లో ఎడ్లు కీళ్లు బిగిసి కాడి కింద నడవలేకపోతాయో, ఏ ఊళ్లో మనుషులు నడివయసుకే కట్టెలా అయిపోతారో డాక్టర్లకంటే ముందే తెలుసు. నడుము వంగదు. మెడ తిరగదు. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూడాల్సిందే. 1937లో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి దీన్ని ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో రాశారు. తాగే బావి నీళ్లలో ఫ్లోరైడ్ మోతాదు మించిపోవడమే కారణమని తేల్చారు. (ఈ షార్టే తర్వాత 1948లో మలేరియా పరాన్నజీవి మనిషి కాలేయంలో దాక్కుంటుందని కనిపెట్టినవారిలో ఒకరు.)

విచిత్రంగా అదే 1937లో డెన్మార్క్‌లో కై రోహోల్మ్ ఫ్లోరిన్ విషం మీద పెద్ద గ్రంథమే వేశాడు. గ్రీన్‌లాండ్ నుంచి తెచ్చిన క్రయోలైట్ అనే ఖనిజాన్ని కోపెన్‌హాగన్ ఫ్యాక్టరీలో పొడి చేసేవారు. ఆ దుమ్ము పీల్చిన కూలీల ఎముకలు ఎక్స్‌రేలో మరీ తెల్లగా, దట్టంగా కనిపిస్తున్నాయని మోలర్, గుడ్యోన్‌సన్ అనే ఇద్దరు 1932లోనే చూపించారు. నెల్లూరు రోగుల ఎక్స్‌రేలూ అలాంటివే. రెండు చోట్లా డాక్టర్లు దాన్ని జబ్బనే అన్నారు.

ఇరవై నాలుగేళ్లు గడిచేసరికి అదే తెలుపును వేరే కంటితో చూసినవాళ్లు బయల్దేరారు. వయసు మళ్లినవాళ్ల ఎముకలు గుల్లబారి ఎక్స్‌రేలో వెలవెలబోతుంటే, ఫ్లోరైడ్ తిన్నవాళ్లవి దట్టంగా ఉన్నాయి కదా, ఆ కొరతను దీంతో ఎందుకు పూడ్చకూడదు? 1961లో అమెరికాలో రిచ్, ఎన్‌సింక్ అనే పరిశోధకులు ఎముకల జబ్బున్న రోగులకు సోడియం ఫ్లోరైడ్ ఇచ్చి చూశారు. ఒంట్లోంచి పోయే కాల్షియం తగ్గి, నిలిచేది పెరిగిందని ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. 1966లో నార్త్ డకోటా రాష్ట్రంలో నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లనూ తక్కువున్న ఊళ్లనూ పోల్చిన మరో బృందం, ఎక్కువున్న ఊళ్లలో ఎముకలు గుల్లబారడం తక్కువగా ఉందని రాసింది. దాంతో ఫ్లోరైడ్‌కు మందు హోదా వచ్చేసింది.

ఆ రోజుల్లో దానికంత గిరాకీ రావడానికి కారణం ఉంది. అప్పటికి చేతిలో ఉన్న ఈస్ట్రోజెన్, తర్వాత వచ్చిన కాల్సిటోనిన్ ఎముక అరుగుదలను ఆపేవే తప్ప కొత్త ఎముకను పెద్దగా కట్టేవి కావు. ఫ్లోరైడ్ మాత్రం ఎముకను కట్టే కణాలను నేరుగా పురికొల్పుతుంది. ఎముకలోని ఖనిజ స్ఫటికాల్లో హైడ్రాక్సిల్ స్థానాన్ని ఫ్లోరిన్ ఆక్రమించి కూర్చుంటుంది, కాబట్టి ఆ ఎముక అంత తేలిగ్గా కరగదు. కాగితం మీద ఇంతకంటే మంచి మందు ఇంకేం కావాలి?

కానీ మన వైపు మరో ముఖం బయటపడింది. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ తెచ్చే ఈ జబ్బు (ఫ్లోరోసిస్) గురించి సిద్దిఖీ 1955లోనే ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో రాశాడు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ‘లాన్సెట్’లో ఇంకో సంగతి చెప్పారు. అవే ఫ్లోరైడ్ ప్రాంతాల్లో కొందరికి మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, పైగా కాళ్ల ఎముకలు గుల్లబారుతున్నాయి. అంటే ఒకే విషం ఒక చోట ఎముకను దట్టం చేస్తూ ఇంకో చోట పలచన చేయగలదు. అప్పట్లో అమెరికా, ఐరోపాల్లో ఫ్లోరైడ్ మాత్రలు రాస్తున్నవాళ్లలో ఎంతమంది ఆ వ్యాసం చదివారో గానీ, చదివుంటే కాస్త ఆగేవారనే నా నమ్మకం.

అసలు తీర్పు 1990లో వచ్చింది. మిన్నెసోటాలోని మేయో క్లినిక్‌కు చెందిన రిగ్స్ 1982లో ఫ్లోరైడ్‌ను మెచ్చుకున్నవాడే. ఈసారి కట్టుదిట్టంగా పరీక్షించాడు. ముట్లుడిగి, వెన్నుపూసలు అప్పటికే విరిగి ఉన్న 202 మంది స్త్రీలను రెండు గుంపులు చేశాడు. అందరికీ కాల్షియం ఇచ్చి, ఒక గుంపుకు రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్, రెండో గుంపుకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చాడు. నాలుగేళ్లు నడిచింది.

ఆ 75 మిల్లీగ్రాముల్లో అసలు ఫ్లోరైడ్ దాదాపు 34. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లయితే అది ఏడు లీటర్ల లెక్క. ఎండాకాలంలో పొలం పని చేసే మనిషి తాగే నీళ్లు, అన్నం కూరల్లో పోసే నీళ్లు కలిపితే అక్కడికి చేరడం కష్టమేమీ కాదు. నల్లగొండలో శాపమైనది మిన్నెసోటాలో మందు చీటీ మీదికెక్కింది.

ఫలితాలు చూడండి. నడుము దగ్గర ఎముక సాంద్రత 35 శాతం పెరిగింది. తుంటి ఎముక మెడ దగ్గర 12 శాతం. ముంజేతి ఎముక మధ్యభాగంలో మాత్రం 4 శాతం తగ్గింది. సరే, విరగడం సంగతి? కొత్తగా విరిగిన వెన్నుపూసలు ఫ్లోరైడ్ గుంపులో 163, ఉత్తుత్తి మాత్రల గుంపులో 136. చెప్పుకోదగ్గ తేడా లేదు. వెన్ను కాక మిగతా చోట్ల విరుగుళ్లు, పాక్షికంగా చిట్లినవి కూడా కలిపి, 72కు 24. మూడు రెట్లు! పైగా కడుపులో మంట, కాళ్ల నొప్పులు.

ఇలా ఎందుకైందంటే, ఫ్లోరైడ్ కట్టించే ఎముకలో పోగుల అల్లిక క్రమంగా ఉండదు, ఖనిజం సరిగా పట్టదు. క్యూరింగ్ చేయని గోడ లాంటిది, మందం ఉంటుంది గానీ బలం ఉండదు. దానికితోడు వెన్నులోని స్పంజిలాంటి ఎముక పెరుగుతుంటే కాళ్లూ చేతుల్లోని గట్టి ఎముకకు కోత పడింది. 1998లో ఫ్రాన్స్‌లో 354 మంది మీద రెండేళ్లు జరిగిన పరీక్షలోనూ వెన్ను సాంద్రత పెరిగింది గానీ విరగడం తగ్గలేదు. అమెరికాలో ఎముకల మందుగా దీనికి అనుమతి ఎప్పుడూ రాలేదు. ఐరోపాలో వాడిన దేశాల్లోనూ మెల్లగా మూలపడింది.

ఈ దెబ్బతో ఎముకల మందుల పరిశోధనలో కొలబద్దే మారింది. స్కాన్‌లో అంకె పెరిగిందంటే చాలదు, ఎందరికి ఎముక విరిగిందో లెక్క చూపించాల్సిందే. 1996లో అలెండ్రొనేట్ అనే మందు మీద 2,027 మంది స్త్రీలతో జరిగిన పెద్ద పరీక్ష అలాంటిదే. నడుము సాంద్రత ఉత్తుత్తి మాత్రలవాళ్లకంటే పెరిగింది ఆరు శాతం చిల్లరే, అయినా తుంటి విరిగినవాళ్లు 22 నుంచి 11కు తగ్గారు. 35 శాతం పెంచిన మందు చేయలేనిది ఆరు శాతం మందు చేసింది.

స్కాన్ మోసం అంతటితో ఆగలేదు. ఐరోపాలో 2004లో వచ్చిన స్ట్రాన్షియం రానెలేట్ అనే ఎముకల మందు విషయంలో స్ట్రాన్షియం పరమాణువు కాల్షియంకంటే బరువైనది కావడంతో, ఎముక సాంద్రత కొలిచే డెక్సా యంత్రం ఎముకను ఉన్నదానికంటే దట్టంగా చూపించేది. ఆ మందు ఎముకలు విరగడాన్ని కొంత తగ్గించింది నిజమే. గుండె జబ్బుల భయంతో తర్వాత దాని వాడకాన్ని కుదించారు. ఇక ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగిన పెద్దవాళ్లకు డెక్సా తీస్తే వెన్ను దగ్గర అంకె బాగా వచ్చినంత మాత్రాన సంబరపడకూడదు. ఎముక నిజంగా ఎంత గట్టిదో ఆ అంకె చెప్పదు.

ఫ్లోరైడ్ ఇప్పటికీ ఒక్కోసారి వేరే మందుల చాటున వస్తూంటుంది. ఊపిరితిత్తుల్లో ఫంగస్‌కు వాడే వొరికొనజోల్ అణువులో మూడు ఫ్లోరిన్ పరమాణువులుంటాయి. అవయవ మార్పిడి జరిగి నెలల తరబడి దీన్ని మింగినవాళ్లలో కొందరికి ఎముకల నొప్పులు మొదలయ్యాయి, ఎక్స్‌రేలో ఎముక పైపొర మందంగా కనిపించింది, రక్తం పరీక్షిస్తే ఫ్లోరైడ్ ఎక్కువగా తేలింది. మందు మార్చాక నొప్పి తగ్గింది.