విన్నదొకరు, తేల్చిందింకొకరు

మా కంచికచర్లలో ఆర్టీసీ బస్సెక్కే వాళ్ళెందరికి ఈ కథ తెలుసో! 1957లో అప్పటి కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సులు తిరిగే రూట్లను ప్రభుత్వం తీసుకుంటానంది. చట్టం ప్రకారం ముందు అభ్యంతరాలు వినాలి. విన్నారు కూడా. కాకపోతే విన్నది రవాణా శాఖ చూసే కార్యదర్శి, తేల్చింది ముఖ్యమంత్రి సంజీవరెడ్డి.

గుల్లపల్లి నాగేశ్వరరావు తదితర బస్సు యజమానులు సుప్రీంకోర్టుకెక్కారు. 1958 నవంబరులో మెజారిటీ తీర్పు రాసిన మన జస్టిస్ కోకా సుబ్బారావు ఒకటే అడిగారనుకోండి: ఒకరు విని ఇంకొకరు తేలిస్తే, ఆ వినడమెందుకు? తన శాఖ స్కీముపై తానే విచారించడమూ కుదరదన్నారు. స్కీము రద్దయింది.

తర్వాత ముఖ్యమంత్రే స్వయంగా విన్నారు. 1959లో అదే కోర్టు ఒప్పుకుంది. బస్సులు చివరికి ప్రభుత్వానివే అయ్యాయి కదా అంటారా? నిజమే. కానీ ఆన్‌సైట్‌లో క్లయింటు మాట ఒకడు విని, ఆఫ్‌షోర్‌లో డిజైను ఇంకొకడు తేలిస్తే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? ఈసారి మీ ఊళ్ళో ప్రజాభిప్రాయ సేకరణంటే, వెళ్ళి ముందు ఇదే అడగండి: తేల్చేవారు ఇక్కడున్నారా?